అధ్యక్షుడి తొలి పలుకులు

సెప్టెంబరు 11, గురువారం

పత్రికలో నా కాలమ్ ఆపేసి ఇవాళ్టికి ఇరవై రోజులు. పాఠకులు మారారట, కొత్త గొంతులు కావాలట. ఎడిటరు చాలా మర్యాదగా చెప్పాడు. యాభై మూడేళ్ళకి నా గొంతు పాతదైపోయిందన్నమాట. రాయకపోతే చెయ్యి ఊరుకోదు, అందుకే ఈ నోటుబుక్కు. ఇక్కడ కత్తిరించేవాడు లేడు.

ఇందుజ మళ్ళీ శాలువా మాట ఎత్తింది. ఆదివారం యేసమ్మ గారికి ఒక శాలువా, ఒక జ్ఞాపిక, ఒక దండ. వద్దన్నాను. ఏలూరులో ఏ సభకైనా వెళ్ళి చూడండి, మాట్లాడేవాడికి పది నిమిషాలు, కప్పేవాళ్ళకి గంట. కప్పేవాళ్ళంతా కెమెరా వైపే తిరిగి నిలబడతారు, కప్పించుకున్నవాడు ఉక్కపోతతో చస్తాడు. ఈ రెండో ఆదివారం సభలు మొదలుపెట్టిన రోజే చెప్పాను. ఇక్కడ శాలువా ఉండదు, ప్రార్థనాగీతం ఉండదు, వచ్చిన మనిషి మాట మాత్రమే ఉంటుంది. నాలుగేళ్ళుగా అలాగే నడిపిస్తున్నాను. వాళ్ళ తాతగారి తివాచీల షెడ్డుని గ్యాలరీ చేసింది ఇందుజే, కాదనను. కానీ సభ ఎలా జరగాలో నేను చెప్తాను. "సరేనండీ, మీ ఇష్టం" అంది. ఆ సరేలో సగం విసుగు. నాకు అలవాటే.

బొమ్మలు నిన్న దిగాయి. మొత్తం పదకొండు, అన్నీ పాత పడవ చెక్కల మీద వేసినవే. యేసమ్మ గారి భర్త కొల్లేరు లంకలో పడవలు కట్టేవాడు. ఈమె వాటికి పేర్లు రాసి, ముక్కు మీద కొంగనో చేపనో వేసేది. అతను పోయాక కొత్త పడవలు లేవు, విరిగినవి మిగిలాయి. ఆ చెక్కల మీద, పడవలకి వేసే ఎనామిల్ రంగులతోనే, సరస్సుని పైనుంచి గద్ద చూసినట్టు వేస్తుంది. డ్రాయింగు పరీక్షలు పాసైన మావాళ్ళు ఆమె ముందు నిలబడలేరు.

తొమ్మిదో బొమ్మ దగ్గర ఆగిపోయాను. పచ్చటి నీళ్ళ మధ్య ఒక నల్లటి గట్టు. గట్టు మీద చీమల్లా మనుషులు, అందరి నెత్తినా తట్టలు. గట్టుకి ఈవల కొంగలున్నాయి, ఆవల ఒక్కటి కూడా లేదు. ఇదేంటండీ అని అడిగాను. టీ గ్లాసు చేతిలో పట్టుకుని చాలాసేపు చెక్క వైపే చూసి, అప్పుడు చెప్పింది. తాగని టీ మీద మీగడ కట్టింది.

ఇది ఏలూరంతా వినాల్సిన సంగతి.

సెప్టెంబరు 13, శనివారం

కాలేజీలో క్లాసులు చెప్పి వస్తుంటే గూడెం స్టేషన్లో ట్రైను గంట లేటు. ప్లాట్‌ఫారం మీద కూర్చుని రేపటి తొలి పలుకులు రాసుకున్నాను. పది నిమిషాలకి సరిపడా. ఎనిమిది పేజీలు.

సెప్టెంబరు 14, ఆదివారం

సభ బ్రహ్మాండంగా జరిగింది. డెబ్బై మంది దాకా వచ్చారు, కుర్చీలు చాలక పాత మగ్గం దిమ్మల మీద కూర్చున్నారు. నేను పది నిమిషాలు మాట్లాడాను, మహా అయితే పదిహేను.

తొమ్మిదో బొమ్మని చేత్తో చూపించి చెప్పాను. మూడేళ్ళ కింద, పక్షుల కోసం వదిలిన హద్దు లోపల, గట్టు వేయకూడని చోట, ఎన్నికల హడావుడిలో నాలుగు రోజుల్లో గట్టు లేపారు. చెరువు చేసి పై ఊరి ఆసామికి లీజుకిచ్చారు. ఊరంతా నోరు మూసుకుంది, ఈ ఒక్క తల్లి చెక్క మీద సాక్ష్యం రాసింది అన్నాను. ఆమె నెత్తి మీద కూడా తట్ట పెట్టారని ఆమే నాకు స్వయంగా చెప్పిందన్నాను. హాల్లో ఊపిరి వినిపించలేదు. తర్వాత చప్పట్లు. ఎన్నాళ్ళైంది ఆ చప్పుడు విని. నా పాత విద్యార్థి ఫణికిరణ్ ఇప్పుడు విలేఖరి, ముందు వరసలో కూర్చుని ఆపకుండా రాసుకున్నాడు. మధ్యలో ఇందుజ ఏదో చీటీ పంపింది, ఎవరిదో ప్రశ్న అయ్యుంటుంది, జేబులో పెట్టుకున్నాను.

యేసమ్మ గారు సహజంగా తక్కువ మాటల మనిషి. ఐదారు నిమిషాలు రంగుల గురించి, చెక్క ఎలా ఆరబెడతారో చెప్పి కూర్చుంది. షెడ్డు మూసే టైం కూడా అయింది. వెళ్తూ నా వైపు ఒకసారి చూసింది. అంతమంది ముందు తన బొమ్మకి అంత గౌరవం దక్కడం ఆమెకి కొత్త కదా.

సెప్టెంబరు 15, సోమవారం

'గట్టు గుట్టు విప్పిన బొమ్మ'. జిల్లా పేజీలో నాలుగు కాలమ్‌లు. ఫణికిరణ్ బాగా రాశాడు, నా వాక్యాలు నావిగానే ఉంచాడు.

క్రిస్టినా స్కూలుకి వెళ్తూ పేపరు టేబుల్ మీద పెట్టి, "ఆవిడ ఫోటో వేశారు, ఊరి పేరు వేశారు. ఇదంతా చెప్తానని ఆవిణ్ణి అడిగేరా?" అంది. బొమ్మని గోడకి తగిలించాక అడగడమేమిటి అన్నాను. తగిలించడం అంటే చెప్పడమే కదా. "ఇంకోటండీ. నలభై నిమిషాలు దాటింది మీది. నేను వాచీ చూశాను." నా భార్య ఏది చెప్పినా మూడింతలు చేసి చెప్తుంది. చర్చిలో పాస్టరు గంటన్నర మాట్లాడితే వాచీ చూడదు.

సెప్టెంబరు 17, బుధవారం

లంకకి అధికారుల జీపు వెళ్ళిందట. టేపు పట్టారట, ఫోటోలు తీశారట. ముప్పై ఏళ్ళుగా రాస్తున్నాను, నా మాటకి కాళ్ళు రావడం ఇదే మొదటిసారి. కాలమ్ ఆపిన ఎడిటరుకి ఆ పేపరు కటింగు పంపుదామా అనుకున్నాను. పంపాను.

సెప్టెంబరు 19, శుక్రవారం

యేసమ్మ గారి కొడుకు అజయ్ ఫోన్ చేశాడు. క్లాసులో ఉండి ఎత్తలేదు, ఐదుసార్లు చేశాడు.

నిన్న లంకలో పెద్దలు కూర్చున్నారట. యేసమ్మ గారింటితో ఎవరూ మాట్లాడకూడదు. మాట్లాడితే తప్పు కట్టాలి. ఊరి చెరువులో ఇంటింటికీ ఉండే వాటా ఈ ఇంటికి కొట్టేశారు. మంచినీళ్ళ డబ్బాల ఆటో వాళ్ళ గుమ్మం దగ్గర ఆగట్లేదు. కిరాణా కొట్టువాడు తల తిప్పుకుంటున్నాడు. ఆ గట్టు చెరువు మీదే అజయ్‌ది కాపలా ఉద్యోగం, అదీ పోయింది. ఊరి గుట్టు ఊరి బయట పెట్టినందుకు. ఆ గట్టు ఆసామి వేసింది కాదు మాష్టారూ, ఊరంతా కలిసి వేసుకున్నది, పేపరు చూశాక అందరి మీదా కేసులంటున్నారు అన్నాడు. ఏం చెయ్యమంటారండీ అని అడిగాడు. అరవలేదు. అరిస్తే బాగుండేది, సమాధానం చెప్పేవాణ్ణి.

ఇది వెలి. ఈ దేశంలో ఇది నేరం. రాజ్యాంగం ఉంది, చట్టం ఉంది. ఊరి పెద్ద సత్తిబాబు అనేవాడు ఎవడు, ఎవరిచ్చారు అతనికి ఈ అధికారం? వాళ్ళ పేదరికాన్ని అడ్డం పెట్టుకుని ఆసామి ఆడిస్తున్నాడు. ఇది నా ప్రసంగం వల్ల వచ్చింది కాదు, ఆ ఊళ్ళో ముందునుంచీ ఉన్న రోగం నా ప్రసంగంతో బయటపడింది. రెండూ వేరు. వేరే.

సెప్టెంబరు 20, శనివారం

కలెక్టరాఫీసుకి అర్జీ రాశాను. ఏడు పేజీలు. క్రిస్టినాకి చదివి వినిపించాను. మొత్తం విని, "బావుంది. ఇది చేరి, వాళ్ళు చదివి, కదిలేలోపు ఆవిడకి మంచినీళ్ళెవరిస్తారండీ?" అంది.

సెప్టెంబరు 21, ఆదివారం

క్రిస్టినా ఉదయమే ఆటో మాట్లాడుకుని నాలుగు నీళ్ళ డబ్బాలతో లంకకి వెళ్ళింది. నన్ను రమ్మనలేదు. నేను వెళ్తే ఇంకా రెచ్చిపోతారని నేనూ అనుకున్నాను. అదే కారణం.

సాయంత్రం వచ్చి కాళ్ళు కడుక్కుంటూ చెప్పింది. చర్చిలో యేసమ్మ గారు చాప మీద చివర కూర్చుంటే, ఆమె చుట్టూ నాలుగు మూరల మేర ఎవరూ లేరట. ప్రభువు బల్ల దగ్గర రొట్టె ఇచ్చారు కానీ పక్కన మోకరించినవాళ్ళు లేచి అవతలికి జరిగారట. ఆమె పాట మాత్రం మానలేదట, ఒక్కత్తీ ఒక వరస, మిగతా గుడంతా ఇంకో వరస పాడినట్టుందట. నా గురించి ఏమందని అడిగాను. "మీ గురించి ఎవరూ మాట్లాడలేదండీ" అంది.

సెప్టెంబరు 22, సోమవారం

ఉతకడానికి చొక్కా తీస్తే జేబులో ఆ చీటీ. ఇందుజ రాత. 'మాష్టారూ, దయచేసి యేసమ్మ గారికి సమయం ఇవ్వండి.' కింద గీత గీసి మళ్ళీ రాసింది, 'దయచేసి'.

ఇందుజకి ఫోన్ చేసి వీడియో ఉందా అని అడిగాను. ఉందండీ అంది. నాది ఎంతసేపు? "నలభై ఏడండీ. ఆవిడది ఆరు." ఆపొచ్చు కదా అన్నాను. "అధ్యక్షుణ్ణి ఎవరాపుతారండీ? చీటీయే కదా పంపగలం."

శాలువా వద్దన్నది నేను. మనిషి మాట వినాలి అన్నది నేను.

సెప్టెంబరు 24, బుధవారం

నలభై ఏడు.

సెప్టెంబరు 25, గురువారం

అర్జీ అందిందని రసీదు వచ్చింది. విచారించి చర్యలు తీసుకుంటారు. క్లాసులో పేదరికానికి నిర్వచనం చెప్తూ మధ్యలో మరిచిపోయాను. పిల్లలు నవ్వలేదు, భయపడ్డట్టు చూశారు.

గట్టు తప్పు కాదా? తప్పే. కొంగలకి గొంతు లేదు, ఎవరో ఒకరు మాట్లాడాలి. నేను మాట్లాడాను. నిజం చెప్పాను. ఒక్క అక్షరం అబద్ధం లేదు. మరి నాకెందుకు తిండి దిగట్లేదు? ఎవరైనా ఎదురుగా కూర్చుని నాతో వాదిస్తే గంటలో తేల్చేస్తాను. ఎవరూ వాదించట్లేదు.

సెప్టెంబరు 27, శనివారం

యేసమ్మ గారు ఫోన్ చేసింది. చేపల రేవు దాటి వచ్చి, ఎవరో ఏలూరు బస్సు కండక్టరు ఫోన్ తీసుకుని చేసిందట, ఊళ్ళో రీచార్జి కూడా చెయ్యట్లేదు కాబట్టి.

"మాష్టారండి, వచ్చే నెల రెండో ఆదివారం ఎవరికైనా ఇచ్చేరా?"

లేదన్నాను.

"నాకిప్పించండి. నేనొచ్చి మాట్లాడతాను. ఈసారి నేనే మొదలెడతాను."

దేని గురించమ్మా అని అడిగాను. బొమ్మ గురించేనండి అంది. బస్సు హారన్ కొట్టింది, పెట్టేసింది.

పాపం, భయపడిపోయింది. అందరి ముందూ నిలబడి నేనేమీ చెప్పలేదు, బొమ్మకి అర్థం లేదు అని చెప్పుకోవాలనుకుంటోంది. అలా చెప్పుకోవాల్సిన గతి ఆమెకి నేను పట్టించాను. ఆ అవమానం ఆమె పడకూడదు. ఏదో ఒకటి నేను చెయ్యాలి.

సెప్టెంబరు 30, మంగళవారం

సత్తిబాబు వచ్చాడు. గ్యాలరీ పక్క టీ కొట్టు దగ్గర నిలబడి ఉన్నాడు. నేను ఊహించుకున్న మనిషి కాదు. నా ఈడువాడే, పాత టెర్లిన్ చొక్కా, మోకాళ్ళ దాకా చెరువు నీళ్ళలో నాని లేచిన పొక్కులు. ముందు నాకు టీ చెప్పి, తర్వాత తనకి చెప్పుకున్నాడు.

నేను మొదలుపెట్టాను. వెలి నేరమని, ఏ సెక్షన్లో ఏముందో, అంతా చెప్పాను. తల ఊపుతూ విన్నాడు. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు మాట్లాడాడు.

"మీరు చెప్పింది అబద్ధమని నేనంటం లేదు మాష్టారూ. మన మధ్య దాపరికమెందుకండి. గట్టు వేశాం. యేసమ్మ వదిన తట్ట మోసింది, మా అమ్మ మోసింది, నేనూ మోశాను. వలల్లో ఏమీ పడక రెండేళ్ళు చూసి చూసి వేశాం. రేపు కేసంటూ పెడితే లీజాయన పేరుండదండి దాన్లో. తట్టలు మోసినోళ్ళ పేర్లుంటాయి."

లీజుదారు మీద పెట్టేదాకా నేను వదలను అన్నాను.

"వదలరండి, తెలుసు. మీరు బాగా మాట్లాడతారు. ఆ వీడియో మొత్తం చూశాను." టీ గ్లాసు పక్కన పెట్టాడు. "వదినకి చివర్లో ఇచ్చేరండి కదా, కొంచెం."

మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగేశాను.

తర్వాత అడగాల్సింది అడిగాడు. ఊళ్ళోకి వచ్చి నాలుగు మాటలు చెప్పాలి. ఆ కథ నేను అల్లుకున్నానని, యేసమ్మ అలా చెప్పలేదని. ఊరు ఆమెని కలుపుకుంటుంది, వాటా తిరిగి రాస్తారు, అజయ్ పనిలోకి వస్తాడు. ఆదివారం పదింటికి. "ఆలోచించుకోండి. బలవంతమేం లేదండి" అని, రెండు టీలకీ తనే ఇచ్చి, బస్సుకి నడిచి వెళ్ళిపోయాడు.

అక్టోబరు 1, బుధవారం

వెళ్ళను. నిజాన్ని అబద్ధమని ఒప్పుకోవడం అంటే ఇక నేను రాసిన ఏ వాక్యాన్నీ ఎవరూ నమ్మక్కర్లేదు.

అక్టోబరు 2, గురువారం

వెళ్ళాలి. ఇప్పుడు నా వాక్యాలని నమ్ముతున్నవాళ్ళు ఎంతమంది?

అక్టోబరు 3, శుక్రవారం

క్రిస్టినాతో చెప్పాను. యేసమ్మ గారితో మాట్లాడి వెళ్ళండి అంది. ఎలా మాట్లాడను, ఫోన్ లేదు, ఊళ్ళోకి వెళ్తే పెద్దలు చూస్తారు, అసలు అడిగితే ఆమె మొహమాటానికి వద్దంటుంది, వద్దన్నాక చేస్తే ఇంకా తప్పు. అందుకని అడక్కుండా చెయ్యడమే ఆమెకి మేలు. క్రిస్టినా స్కూలు పిల్లల నోటుపుస్తకాలు దిద్దుకుంది. ఈ ఇంట్లో నాతో వాదించడం ఎప్పుడు మానేశారో నాకు గుర్తు లేదు.

అక్టోబరు 5, ఆదివారం

అయిపోయింది.

వానలకి దారి మునిగి ఉంది. రోడ్డు చివర ఆటో దిగితే సత్తిబాబు పడవ పంపాడు. తూడు పొదల పక్కగా వెళ్తుంటే కుడి వైపు కనిపించింది. నల్లటి మట్టి గట్టు, పొడుగ్గా, నీళ్ళకి నాలుగడుగుల ఎత్తున. దాని మీద చెరువు నీళ్ళు చిలికే ఏరేటర్ మోటార్లు. ఆవల ఒక్క కొంగ లేదు. యేసమ్మ గారు ఎంత కచ్చితంగా వేసింది.

తుఫాను షెల్టరు మెట్ల మీద, చర్చికెళ్ళినవాళ్ళు తప్ప, ఊరంతా కూర్చుని ఉంది. ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క. నాకు కుర్చీ వేశారు. మైకు ఇచ్చారు. షెల్టరు పైన నాలుగు దిక్కులకీ బాకాలున్నాయి, ఏ మాటన్నా లంక అంతా వినిపిస్తుంది. ఒకతను ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు.

నేను చెప్పింది ఇది. ఆ బొమ్మకి నేను చెప్పిన కథ నేను అల్లుకున్నది. యేసమ్మ గారు గట్టు గురించి నాకేమీ చెప్పలేదు. బొమ్మలో ఉన్నది ఈ ఊరి గట్టు కాదు. నన్ను క్షమించండి.

రెండు నిమిషాలు. నా జీవితంలో అతి చిన్న ప్రసంగం. కూర్చున్న చోటి నుంచి గట్టు కనిపిస్తూనే ఉంది. నాకు కనిపిస్తోందని వాళ్ళకి తెలుసు, వాళ్ళకి తెలుసని నాకు తెలుసు. ఒక ముసలావిడ పక్కావిణ్ణి "అంతేనా" అని అడిగింది. సత్తిబాబు లేచి, మాష్టారు పెద్దమనసు చేసుకున్నారు, యేసమ్మ వదినతో ఇవాళ్టి నుంచి మామూలే అని చెప్పాడు. ఎవరో టీ ఇచ్చారు. సగం చొక్కా మీద పోసుకున్నాను.

అవతల చర్చిలో ఆరాధన. నేను మైకు పట్టుకున్నంతసేపూ పాట ఆగింది. తర్వాత మళ్ళీ మొదలైంది. ఆ గుడి చాప మీద ఆమె ఉంటుంది, విని ఉంటుంది. వెళ్ళి కలుద్దామనుకున్నాను. ఎదురుపడితే చేతులు జోడించి కృతజ్ఞత చెప్తుందేమో, అది నేను తట్టుకోలేనని పడవ ఎక్కేశాను.

అక్టోబరు 7, మంగళవారం

వీడియో అందరి ఫోన్లలోనూ ఉంది. లీజాయన మనుషులు పాట కూడా కలిపారు. ముప్పై ఏళ్ళ నాటి మిత్రుడు గూడెం నుంచి ఫోన్ చేసి ఎంతకమ్ముడుపోయావని అడిగాడు. ఎడిటరు నుంచి ఏమీ రాలేదు. కటింగు పంపిన అడ్రసుకి ఇది కూడా చేరి ఉంటుంది.

పోనీ. ఆమెకి నీళ్ళ డబ్బా వస్తోంది. నీళ్ళ డబ్బా వస్తోంది. అది చాలు.

అక్టోబరు 10, శుక్రవారం

అది చాలు.

అక్టోబరు 12, ఆదివారం

ఉదయం ఇందుజ ఫోన్ చేసి యేసమ్మ గారొచ్చారు, త్వరగా రండి అంది. సాయంత్రం ఐదింటికి కదా సభ అన్నాను. మీరు రండి అంది.

షెడ్డు ముందు ట్రాలీ ఆటో. లోపల అజయ్ గోడ మీంచి చెక్కలు ఒక్కొక్కటే దింపుతున్నాడు, యేసమ్మ గారు వాటిని పాత చీరల్లో చుడుతోంది. అప్పటికే ఆరు చుట్టేసింది. నన్ను చూసి లేచి నిలబడింది. రెండు చేతులూ జోడించింది, ఎప్పటిలాగే.

"మాట్లాడుతున్నారా అమ్మా, ఊళ్ళో?" అని అడిగాను. ఇంకేం అడగాలో తోచలేదు.

"మాట్లాడుతున్నారండి. అంతా మాట్లాడుతున్నారు. నిన్న సత్తిబాబు చేపలు పంపేడు. అజయ్‌ని పనిలోకి రమ్మన్నారు."

"మరి ఇవన్నీ ఎందుకు తీసేస్తున్నారు? ఇవాళ మీ సభ. మీరే అడిగారు కదా. నేను నోరు తెరవను. పైకి కూడా రాను, వెనక కూర్చుంటాను."

ఆమె చీర కొస దగ్గర ముడి వేసి, గట్టిగా ఉందో లేదో లాగి చూసుకుంది.

"ఏం చెప్పనండి ఇప్పుడు?" అంది. "ఆ గట్టుకి తట్ట మోశానండి. ఎవరూ పెట్టలేదు నా నెత్తిన, నేనే ఎత్తుకున్నాను. అజయ్‌కి పని దొరుకుద్దని. మూడేళ్ళుగా కొంగలు రాకపోతే నాకు నిద్ర పట్టేది కాదు. గుడిలో ఒప్పుకోలు ప్రార్థన చేసినా అది నోటికి రాలేదు. బొమ్మలో వచ్చింది. అది చెప్పుకుందామనే ఆ రోజొచ్చానండి. మా ఊరి మీద చెప్పడానికి కాదు."

నేను ఏదో అనబోయాను. ఆమె ఆగమన్నట్టు చెయ్యి ఎత్తలేదు, గొంతు పెంచలేదు. నేనే ఆగాను.

"వెలేశాక అనుకున్నాను, ఎలాగూ వెలే కదా, ఇక భయమేముంది, ఏలూరెళ్ళి నా తప్పు నేను చెప్పుకుంటాను, ఊరు వింటే వింటది, లేకపోతే లేదని. మీకు ఫోన్ చేసింది అందుకే. ఆదివారం గుడిలో పాట పాడుతుంటే మైకులో మీరు." ఇంకో చీర మడత విప్పింది. "మొదటిసారి నా నోటి మాట మీరు చెప్పేశారు. రెండోసారి నా నోట్లో మాటే లేదనేశారు. ఇప్పుడు నేను నిలబడి చెప్తే, మాష్టారు నేర్పిన పాఠం మళ్ళీ చెప్తుందంటారు. ఆయనే కాదన్నాక ఈవిడేంటంటారు. అజయ్ పని మళ్ళీ పోద్ది."

"మీ మంచికే చేశానమ్మా."

"తెలుసండి. రెండుసార్లూ నా మంచికే చేశారు. ఒక్కసారీ నన్నడగలేదు."

కోపం లేదు. కోపం ఉంటే నాకు దారి ఉండేది. తొమ్మిదో చెక్క అజయ్ దింపి తెచ్చాడు. ఆమె దాని మీద చీర పరిచింది, నల్ల గట్టు, తట్టలు, మనుషులు, అన్నీ కప్పుకుపోయాయి. నేను ఒక కొస పట్టుకోబోతే, "మీకెందుకండీ శ్రమ" అని కొడుకుని పిలిచింది. పడవ చెక్క మీద ఇంకెప్పుడైనా బొమ్మ వేస్తారా అని ఇందుజ అడిగింది. సత్తిబాబు కొత్త పడవకి పేరు రాయమన్నాడట, అది రాయాలి అంది.

ఆటో వెళ్ళిపోయాక పెందలాడే కుర్చీలు వేశాం. సభ లేదని అందరికీ కబురు చేసే వీలు లేదు. ఐదింటికి ముప్పై మంది వచ్చారు, ఖాళీ గోడల్ని చూసి ఏమైందని ఒకరినొకరు అడిగారు. ఎవరో అలవాటుగా "మాష్టారూ, మొదలెట్టండి" అన్నారు. లేచాను. మైకు నా ఎదురుగానే ఉంది.

జరిగింది జరిగినట్టు చెప్పాలనిపించింది. గట్టు నిజం, నేను లంకలో చెప్పింది అబద్ధం, ఇంత పెద్ద పాపం నాది అని. ఎంత బాగా చెప్పగలను. మొదటి వాక్యం కూడా నాలుక మీదకి వచ్చేసింది. చెప్తే నా పరువు నాకు వస్తుంది, మిత్రులు తిరిగి వస్తారు. రేపటికి పేపర్లో వస్తుంది, ఎల్లుండికి ఆమె గుమ్మం దగ్గర నీళ్ళ ఆటో ఆగదు.

యేసమ్మ గారికి ఒంట్లో బాగోలేదు, ఇవాళ్టికి సభ లేదు, రావాల్సి వచ్చినందుకు క్షమించండి అన్నాను. కూర్చున్నాను.

జనం వెళ్ళిపోతుంటే ఫణికిరణ్ నా దగ్గరకి వచ్చాడు. చేతిలో పుస్తకం లేదు. గురువుని కాబట్టి ముందు నా ఆరోగ్యం అడిగాడు. తర్వాత గొంతు తగ్గించి, పేపర్లో వెయ్యను, నాకోసం చెప్పండి, ఆ గట్టు సంగతి నిజమేనా మాష్టారూ అని అడిగాడు.

ఏ ప్రశ్నకైనా సరే, అడగడం పూర్తికాకముందే జవాబు చెప్పే మనిషిని.

నాకు తెలీదు అన్నాను.